చక్కెర లేని తీపి

సమ్మవ్వ శవాన్ని వెనక తలుపు గుండా బయటికి తీసుకుపోతుంటే, డిటెక్టివ్ సదయ్య ముందు తలుపు గుండా దవాఖానలోకి వచ్చాడు.

నిన్న పొద్దుటి నుంచి ఇది మూడో చావు. వార్డులో ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. మంచాలు చాలక ఇద్దరిని కింద చాపల మీద పడుకోబెట్టారు.

గోడకు ఆనుకుని కూర్చున్న కనకవ్వ ఆయన్ని చూసి లేచి నిలబడింది. ఆమె భర్త ఎల్లన్న బొగ్గు బాయిలో టబ్బులు తోసే మనిషి. సదయ్యకు కబురు పంపింది ఆమే. సదయ్య చాలా కాలం గనుల దగ్గర కాపలా జమేదారుగా చేశాడు. ఆ ఉద్యోగం వదిలాక గోదావరిఖనిలోనే ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాడు. కనకవ్వ వాళ్లది ఆయన వాడే.

"అన్నా, ఆయన నన్ను గుర్తు పడ్తలేడు" అంది కనకవ్వ. "పోలీసోళ్లు గుడుంబ తాగిండంటున్నరు. కొమురెల్లి మల్లన్న మీద ఒట్టేసి ఇడిచిపెట్టిండన్నా. కల్లు సుత ముట్టడు."

"నాకు తెలుసు చెల్లే. కూసో."

"కూసుంటే ఏమైతది? జల్ది ఏమన్న చెయ్యి."

సదయ్య ఎల్లన్న మంచం దగ్గరికి వెళ్లాడు. మనిషి కళ్లు సగం తెరిచే ఉన్నాయి. పరుగెత్తి వచ్చినవాడిలా ఎగపోస్తున్నాడు. సదయ్య వంగి అతని నోటి దగ్గర వాసన చూశాడు. వాంతి వాసన తప్ప ఇంకేమీ లేదు.

"నేనూ అదే చూశాను" అంది వెనక నుంచి డాక్టర్ అనసూర్య. రాత్రంతా నిద్ర లేక ఆమె గొంతు జీరబోయింది. "మొదట తూలుతూ వచ్చారు. మాట ముద్దగా ఉంది. చూసినవాళ్లెవరైనా తాగారనే అంటారు. కానీ సారా వాసన లేదు. కల్తీ సారా అయితే ముందు చూపు పోతుంది. వీళ్లకు చూపు పోలేదు, మూత్రం ఆగిపోయింది. కిడ్నీలు పనిచెయ్యడం లేదు."

"బాయిల గ్యాసు గిట్ల పట్టిందా డాక్టరమ్మా?"

"ఇప్పుడు తీసుకుపోయిన సమ్మవ్వ బజార్లో కూరగాయలమ్మే ముసలమ్మ. ఆమె ఎన్నడూ బాయి దిగలేదు."

"మరి అందరు కల్సి తిన్నదేమన్న ఉందా?"

"తిన్నది లేదు. తాగింది ఉంది. బాద్షా డ్రింకు." ఆమె నుదురు రుద్దుకుంది. "కానీ బాద్షా ఊరంతా తాగుతుంది. ఊరంతా పడిపోలేదు. అందులో ఏముందని సోడా ఫ్యాక్టరీ వజీర్ దగ్గరికి మనిషిని పంపి అడిగించాను. ఫార్ములా చెప్పనన్నాడట. సదయ్యా, ఏ విషమో తెలిస్తే ఏదో ఒకటి చేస్తాను. తెలియకుండా ఏ మందిచ్చినా చీకట్లో రాయి విసిరినట్టే. రేపటికి ఈ మంచాల్లో సగం ఖాళీ అవుతాయి."

కనకవ్వ ఆ మాట విన్నది. ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని మళ్లీ గోడకు ఆనుకుంది.

బాద్షా అంటే నల్లగా, తియ్యగా, నాలుక మీద చురుక్కుమనే సీసా డ్రింకు. షిఫ్టు దిగి వచ్చినవాడి గొంతులో పట్టిన బొగ్గు పొడిని కడిగేసేది అదేనని కార్మికుల నమ్మకం. కిందటేడు, ఫార్ములా బయటపెట్టమని ఢిల్లీ సర్కారు అడిగితే ఒప్పుకోక, ఆ పేరుమోసిన పరదేశీ నల్ల డ్రింకు దేశం విడిచిపోయింది. ఆ ఖాళీలోకి బాద్షా దూసుకొచ్చింది. మంచిర్యాల నుంచి, కరీంనగర్ నుంచి వ్యాపారులు వచ్చి వజీర్ గడపలో క్యూ కట్టారు. వజీర్ ఎవరికీ ఫార్ములా చెప్పలేదు. సరుకు కలిపే గదికి పెద్ద తాళం వేసి, కలిపేటప్పుడు కట్టుకున్న భార్యను కూడా బయట నిలబెట్టేవాడు. ఆ తాళం చూసే జనానికి ఆ డ్రింకు మీద మోజు ఇంకా పెరిగింది.

సదయ్య సైకిలు ఎక్కాడు.

సోడా ఫ్యాక్టరీ ముందు రెండు వందల మంది దాకా ఉన్నారు. కొందరి చేతుల్లో రాళ్లున్నాయి. గేటు లోపల పోలీసులు సీసాలను క్రేట్లకు క్రేట్లు నేలకేసి కొడుతున్నారు. నల్లటి నురగ మోరీలోకి పారుతోంది. అరుగు మీద నిలబడి ఆ పని చేయిస్తున్నది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రాజలింగం. ఆయనకూ సదయ్యకూ పాత పేచీ ఉంది. సదయ్య జమేదారుగా ఉన్నప్పుడు రాగి తీగల దొంగతనం కేసులో రాజలింగం ఒకణ్ణి పట్టుకుంటే, సదయ్య అసలు దొంగను తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. రాజలింగం దాన్ని మరిచిపోలేదు.

"ఆపండి సార్" అన్నాడు సదయ్య. "సాక్ష్యం మోరీల పోతున్నది."

"నువ్వెవరివి నన్ను ఆపనీకి?"

"ఆ సీసాలల్ల ఏముందో తెల్వకుంటే దవాఖానల ఉన్నోళ్లు బతకరు."

"బయట ఉన్నోళ్లను చూసినవా? ఇవి పగలకొట్టకుంటె వాళ్లొచ్చి ఫ్యాక్టరీ కాలవెడ్తరు. లోపల ముసలోడు, వాని పెండ్లాం ఉన్నరు. వాళ్లను నువ్వు కాపాడుతవా?" రాజలింగం గొంతు తగ్గించాడు. "అయినా ఇది గుడుంబ కేసు. రెండు బట్టీలు పగలగొట్టించిన. ఈ సీసాలు పగలగొట్టుడు జనాన్ని సల్లబరచనీకే."

"సమ్మవ్వ గుడుంబ తాగిందా సార్?"

రాజలింగం గేటు అవతలి జనం వైపు చూశాడు.

"ఒక్క క్రేటు ఉంచుండి. వజీర్ కాకతోని నన్ను జర్రంత సేపు మాట్లాడనియ్యిండి. నాది తప్పయితె అందరి ముందట ఒప్పుకుంట."

"మాట్లాడు. నా ముందట్నే మాట్లాడాలె."

వజీర్ లోపల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తెల్లగడ్డం, చెమటకు తడిసిన లాల్చీ. ఆయన భార్య రబియా బీ తలుపు పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"కాకా, ముగ్గురు సచ్చిన్రు" అన్నాడు సదయ్య. "బాద్షాల ఏమేమి కలుపుతవు?"

"చెప్ప." వజీర్ మాట నెమ్మదిగా, సాగదీసినట్టు వచ్చింది. "బొంబాయి సేట్లు అడిగితె చెప్పలే. నీకు చెప్తనా?"

"సేట్లు వ్యాపారానికి అడిగిన్రు. నేను పానాలకు అడుగుతున్న."

"నా బాద్షాల విషం లేదు. ముప్పై ఏండ్ల సంది కలిపిన ప్రతి ఘాన్ల మొదటి సీసా నేనే తాగుత. నిన్న తాగిన. ఇయ్యాల పొద్దున గూడ తాగిన. నేను సచ్చిన్నా?"

అలా అంటూనే లేవబోయి, పక్కకు ఒరిగి, గోడ పట్టుకున్నాడు.

"చూడు, పట్టపగలు తాగి కూసున్నడు" అన్నాడు రాజలింగం. కాలర్ పట్టుకుని వజీర్‌ను స్టూలు మీదికి నెట్టాడు. "నమాజు చేసే మనిషివి, సిగ్గు లేదా?"

సదయ్య వజీర్ ముఖం దగ్గరికి వంగాడు. ఆయన శ్వాసలో తమలపాకు వాసన ఉంది. అంతే. ఎల్లన్న లాగే ఎగపోస్తున్నాడు.

"తాగలేదు సార్" అన్నాడు సదయ్య నెమ్మదిగా. "దవాఖానల ఉన్నోళ్లకు ఏమైందో కాకకు గూడ అదే అయితున్నది. జర్ర ఆలస్యంగ మొదలైంది, అంతే. కాకా, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసినవు?"

వజీర్ వింతగా చూశాడు. ఆలోచించాడు. ఆయనకు గుర్తు రాలేదు.

"కలిపే గది తాళం చెవి ఇయ్యి."

"ఇయ్య."

"సచ్చిపోతవు కాకా."

"సచ్చినా ఇయ్య. ఆ తాళమే నా ఇజ్జత్."

రబియా బీ తలుపు దగ్గర్నుంచి కదిలింది. మొగుడి లాల్చీ జేబులో చెయ్యి పెట్టి తాళం చెవి తీసింది. వజీర్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు గాని వేళ్లలో బలం లేదు. ఆమె ఒక్కొక్క వేలే విడిపించుకుంది.

"తీస్కో భయ్యా" అంది సదయ్యతో. "నాకు ఇజ్జత్ వద్దు. మనిషి కావాలె."

ముప్పై ఏళ్లుగా ఎవరూ చూడని గది చాలా మామూలుగా ఉంది. ఒక మూల మూటగట్టిన సుగంధిపాల వేర్లు, గంపలో ఎండిన నిమ్మకాయలు, జాజికాయలు, నల్లరంగు పొడి, నడుమ పొయ్యి మీద పెద్ద రాగి డేగిసా. సదయ్య పొయ్యిలో చెయ్యి పెట్టాడు. బూడిద గట్టిపడి రాయిలా ఉంది. దాని మీద సాలీడు గూడు కట్టుకుంది.

"గీ పొయ్యి మీద ఏం కాగబెడ్తరు రబియా బీ?"

"చక్కెర పాకం."

"ఎన్నడు ఆపిండు?"

"నాకు తెల్వదు భయ్యా. నన్ను రానియ్యడు."

చక్కెర సంచులు గోడ పక్కన ఉన్నాయి. అన్నీ ఖాళీవే. మడిచి పేర్చి ఉన్నాయి. మడతల్లో దుమ్ము పట్టింది. సదయ్య బయటికి వెళ్లి, మిగిల్చిన క్రేటులోంచి ఒక సీసా మూత తీసి వేలు ముంచాడు. నాలుక చివర తాకించి వెంటనే ఉమ్మేశాడు. తియ్యగా ఉంది.

అందరూ ఆ తాళం వెనక ఉన్న రహస్యమేమిటని అడుగుతున్నారు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. చక్కెర లేకుండా ఈ తీపి ఎక్కడిది?

ఆయన మళ్లీ గదిలోకి వచ్చి తలుపును ముందుకు లాగి దాని వెనక చూశాడు. కిరసనాయిలు డబ్బా కన్నా కొంచెం పెద్ద ఇనుప డబ్బా ఉంది. మీద అంటించిన కాగితాన్ని ఎవరో గీకేశారు. అడుగున కొంచెం ద్రవం మిగిలింది. చిక్కగా, పసిమి ఆకుపచ్చగా ఉంది. వాసన లేదు. డబ్బా కారిన చోట నేల మీద మరక పడి, ఆ మరక గది వెనక తూము దాకా పోయింది. తూము అవతల, గోడ నీడలో ఒక పిల్లి చచ్చి పడి ఉంది. దాని మూతికి అదే పచ్చదనం అంటింది.

రాజలింగం దాన్ని బూటుతో తిప్పి చూశాడు. వెనక్కి తిరిగి, "సీసాలు పగలగొట్టుడు ఆపుండ్రి" అని కేక వేశాడు.

సదయ్య డబ్బా తెచ్చి వజీర్ ముందు పెట్టాడు.

"కాకా, ఇది ఎవరిచ్చిన్రు?"

డబ్బాను చూడగానే వజీర్ ముఖం ముడుచుకుపోయింది. మాటలో పూర్వపు బింకం లేదు.

"చక్కెర దొరుకుతలేదు సదయ్యా. ఎక్కడ అడిగినా లేదన్నరు. ఫ్యాక్టరీ బందు పెట్టే గతి వచ్చింది. అప్పుడు ఒకాయన వచ్చిండు. ఆ పరదేశీ డ్రింకు కంపెనీల పనిచేసిన్నన్నడు. వాళ్లు దేశం ఇడిచిపోయేటప్పుడు వాళ్ల అసలు మసాలా దాచిన్నన్నడు. 'ఇది కలిపితె చక్కెర అక్కర లేదు, లోకమంత మోజుపడ్డ తీపి ఇదే' అన్నడు. వేలు పెట్టి నాకిన. నిజంగనే తియ్యగుండె. పాత సరుకు అయిపోయినంక మొన్నటి ఘాన్ల నుంచే ఇది కలుపుతున్న."

"ఊకెనే ఇచ్చిండా?"

వజీర్ తల వాల్చాడు. "బదులు నా ఫార్ములా అడిగిండు. చెప్పిన. ఎవరికి చెప్పనిది వానికి చెప్పిన. వాళ్ల రహస్యం నాకొస్తుందని ఆశపడ్డ. అందుకే డాక్టరమ్మ మనిషి అడిగినా నోరు తెరవలే. చెప్పితె..." ఆయన మాట అక్కడ తెగిపోయింది. స్టూలు మీది నుంచి ముందుకు పడుతుంటే సదయ్య పట్టుకున్నాడు.

"మీ జీపు కావాలె సార్" అన్నాడు సదయ్య.

రాజలింగం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వజీర్ కాళ్లు తనే పట్టుకున్నాడు.

డాక్టర్ అనసూర్య డబ్బాలోని ద్రవాన్ని గాజు గొట్టంలోకి వంచి వెలుతురుకు ఎదురుగా పట్టింది.

"ఓపెన్‌కాస్టు గనిల బుల్‌డోజర్లు ఉంటయి గద" అన్నాడు సదయ్య. "వాటి రేడియేటర్లల్ల పోసేది గిట్లనే పచ్చగుంటది. నేను జమేదారుగ ఉన్నప్పుడు ఒకడు ఎత్తుకపోతుంటె పట్టిన."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "గ్లైకాల్" అంది. "తియ్యగా ఉంటుంది. తాగినట్టే తూలుతారు, తర్వాత కిడ్నీలు పోతాయి. అంతా సరిపోయింది." ఆమె రాజలింగం వైపు తిరిగింది. "దీనికి విరుగుడు ఆల్కహాలే. ముక్కు గొట్టం గుండా కొంచెం కొంచెం పంపాలి. నా దగ్గర ఉన్నది ఇద్దరికి కూడా సరిపోదు. బ్రాండీ కావాలి. మంచి సీల్ ఉన్నది. ఇప్పుడే."

"బ్రాండీయా?" అన్నాడు రాజలింగం.

"మీరు దొంగసరుకని పట్టుకున్న బ్రాండీ సీసాలు స్టేషన్ల ఉన్నయి గద సార్" అన్నాడు సదయ్య.

"అవి కోర్టు సొత్తు."

"గీ తొమ్మిది మంది ఎవరి సొత్తు?"

రాజలింగం అతని వైపు కోపంగా చూశాడు. బయటికి నడిచాడు. జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. అది తిరిగి వచ్చేలోపు చాప మీద పడుకున్న ఇద్దరిలో ఒకడు పోయాడు. డాక్టర్ అతని ముఖం మీద దుప్పటి కప్పి, లేచి, తర్వాతి మంచం దగ్గరికి వెళ్లింది.

బ్రాండీ వచ్చింది. మొదట ఎల్లన్నకు ఎక్కించారు. కనకవ్వ మొగుడి పాదాలు పట్టుకుని గొట్టం వైపు చూస్తూ నిలబడింది.

"ఒట్టేసిండన్నా" అంది సదయ్యతో, చాలా మెల్లగా. "మల్లన్న ఏమంటడో."

"మల్లన్నకు తెలుసు చెల్లే."

"బతుకుతడా?"

సదయ్య డాక్టర్ వైపు చూశాడు. "ఇంత ఆలస్యం కాకుండా ఉంటే ఔనని చెప్పేదాన్ని" అంది అనసూర్య. "మూత్రం వస్తే అప్పుడు అడుగు."

వజీర్‌ను వార్డులో ఉంచడం కుదరలేదు. చచ్చినవాళ్ల బంధువులు గేటు దగ్గర గుమిగూడారు. రాజలింగం ఆయన్ని వరండా చివరి గదిలో పెట్టించి, బయట ఒక కానిస్టేబుల్‌ను నిలబెట్టాడు. సదయ్య అక్కడ రెండు ప్రశ్నలే అడగగలిగాడు. ఆ మనిషి పేరు చెప్పలేదట. నడి వయసు, సన్నటి మీసం, మాట నున్నగా ఉంటుందట. మళ్లీ చూస్తే గుర్తుపడతానన్నాడు వజీర్. ఇంతలో బ్రాండీ ఎక్కించడానికి డాక్టర్ వచ్చి సదయ్యను బయటికి పంపేసింది.

సాయంత్రం ఎండ వరండాలోకి ఏటవాలుగా పడుతోంది. రబియా బీ మెట్ల మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటోంది. రాజలింగం బీడీ ముట్టించి, ఇంకొకటి సదయ్యకు అందించాడు. అది ఆయన క్షమాపణో, అలవాటో తెలియలేదు.

"వానికి ఏం ఫాయిదా?" అన్నాడు రాజలింగం. "ముసలోని ఫార్ములా దొరికింది. దొరికినంక సంపుడు ఎందుకు?"

"సంపాలనుకోలేదేమో సార్. బాద్షా తాగి జనం మంచాన పడ్తె చాలు. బాద్షా పేరు పోతది. ఆ పరదేశీది ఎట్లాగూ లేదు. అప్పుడు వాడు అదే రుచి కొత్త పేరు మీద అమ్ముతడు. జనం ఎగబడి తాగుతరు."

"ఇప్పుడు నలుగురు సచ్చిన్రు."

"ఔ. ఇప్పుడది ఉరిశిక్ష కేసు." సదయ్య బీడీ నోటి దగ్గరికి తీసుకుపోతూ ఆగాడు. "ఆ రుచి నాదేనని చెప్పగలిగెటోడు ఒక్కడే. డబ్బా ఇచ్చినోని మొఖం చూసినోడు గూడ ఒక్కడే."

రాజలింగం ముఖంలో రంగు మారింది. "గది కాడ మనిషిని పెట్టిన" అన్నాడు.

అప్పుడే ఆ కానిస్టేబుల్ చాయ గ్లాసు పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చాడు.

"నువ్వు గిక్కడున్నవేంది?" అన్నాడు రాజలింగం.

"ఫికర్ లేదు సార్. ముసలాయన ఒక్కడే లేడు. వాళ్ల తమ్ముడొచ్చిండు. 'నేను కూసుంట, నువ్వు చాయ తాగిరా పో' అన్నడు. మంచిగ మాట్లాడిండు."

రబియా బీ చేతిలో తస్బీ ఆగింది.

"తమ్ముడా?" అంది. "ఆయనకు తమ్ముడెక్కడిది? అమ్మకు ఒక్కడే."

సదయ్య అప్పటికే పరుగెత్తుతున్నాడు. వెనక రాజలింగం బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. దారిలో మందుల ట్రాలీ ఒకటి అడ్డం వచ్చింది. తోసేశాడు. చివరి గది తలుపు మూసి ఉంది. భుజంతో నెట్టాడు. కదల్లేదు. లోపల గడియ పడి ఉంది.

"కాకా" అని పిలిచాడు. "వజీర్ కాకా."

తలుపు అవతల ఎవరో గింజుకుంటున్నట్టు ఇనుప మంచం కాళ్లు నేల మీద గీసుకుపోతున్న చప్పుడు వినిపించింది. ఒకసారి. మళ్లీ ఒకసారి, అంతకన్నా నీరసంగా.

"పక్కకు జరుగు" అన్నాడు రాజలింగం. రెండడుగులు వెనక్కి వేసి, ఒళ్లంతా కూడగట్టుకుని తలుపు మీద పడ్డాడు.

గడియ విరగలేదు. లోపల మంచం చప్పుడు ఆగిపోయింది.